టమాటాపై మచ్చలు: వాని వెనుకటి చరిత్ర

మౌలాలి గుట్టను దూరమునుండి చూచినవారికి ఒక మహాశిలను ఎవరో బోర్లించి పోయినట్లు తోచును. దాని శిఖరమున కుతుబ్‌షాహీల కాలమునాటి దర్గా కలదు. పాదమున, కవయిత్రి మహ్‌లఖాబాయి చందా తన తల్లికై 1792లో కట్టించిన సమాధి కలదు. 1824లో ఆమెయు అచ్చటనే విశ్రమించినది. నేడా గుట్టచుట్టును రైల్వే ఇండ్లు, గృహనిర్మాణ మండలి కాలనీ, వాని కావల నాచారము, ఉప్పలు కార్ఖానాలు వ్యాపించియున్నవి. అయినను మిద్దెలమీదను, ప్రహరీగోడల ప్రక్కలను వ్యవసాయము సాగుచునే యున్నది. ఒక పాత బకెట్టు, ఇంత ఎర్రమట్టి, ఇంత పశువుల ఎరువు, నాలుగు టమాటా నారుమొక్కలు: ఇంతే ఆ వ్యవసాయము.

నేనును ఒక యేడు అట్టి వ్యవసాయమునకు పూనుకొంటిని. మొక్కలు ఏపుగా పెరిగినవి, పూచినవి, కాచినవి. కాయ రంగు తిరుగు వేళకు చూతునుగదా, ప్రతి కాయకును అడుగుభాగమున నల్లని, చదునైన, తోలువంటి మచ్చ. విత్తనాల దుకాణమున అడిగితిని. ఏదో మందు ఇచ్చిరి. చల్లితిని. వారము గడచిన పిమ్మట మరల చల్లితిని. మచ్చలు ఆగలేదు. ఒక బుట్టెడు కాయలు పారబోయుచుండగా ప్రక్కయింటి పెద్దమ్మ గోడమీదుగా చూచి, "మందు ముచ్చట పక్కకు పెట్టు బిడ్డా. నీళ్లు ఎన్ని దినాలకొకపారి పోస్తున్నవ్?" అని అడిగినది. నల్లా వచ్చిననాడు మొక్కలను ముంచెత్తి, రాని నాడు మరచుట మా యింటి పద్ధతి. ఆ మాటయే చెప్పితిని. ఆమె నవ్వి లోనికి పోయినది.

ఆ ప్రశ్నలో ఎంత శాస్త్రమున్నదో నాకు తరువాత గాని తెలియలేదు. దానిని తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులకు సైతము అరువది యేండ్లు పట్టినది. టమాటాపై మచ్చల చరిత్రయంతయు ఇట్టిదే. మచ్చ కంటికి కనబడునది ఒకనాడు. దానికి కారణము పుట్టినది అంతకు పూర్వమెన్నడో. ఆ రెండింటి నడుమ నున్న కాలమును చదువలేనివారు నాబోటివలె నేరము లేనివానికి శిక్ష వేయుదురు.

టమాటా మనది కాదు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని పడమటి కొండసీమలు. దానిని పెంచి పెద్దచేసినవారు మెక్సికో ప్రజలు. వారి భాషలోని 'తొమాత్ల్' అను మాటయే మన 'టమాటా'కు మూలము. 1521లో మెక్సికో రాజధాని స్పెయినువారి వశమైన పిమ్మట ఆ కాయ సముద్రము దాటినది. 1544లో ఇటలీ వైద్యుడు మత్తియోలి దీనిని తన గ్రంథమున వర్ణించుచు, ఇది ఒకజాతి వంకాయ వంటిదనియు, నొక్కినట్లుండి తొనలు తొనలుగా నుండుననియు, పండినప్పుడు బంగారువన్నె దాల్చుననియు వ్రాసెను. 'తొనలు తొనలుగా' అను మాటను మనము గుర్తుంచుకొనవలెను. నేడు మనము వికారమనుకొను గాడుల కాయ ఆనాడు టమాటాకు సహజరూపము.

యూరపు ప్రజలు చాలకాలము దీనిని నోట పెట్టుటకు జంకిరి. ఉమ్మెత్త, బెల్లడోనా మున్నగు విషపు మొక్కలతో దీనికి చుట్టరికముండుటయే అందుకు కారణము. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన 'లైకోపెర్సికాన్' అను పేరునకు 'తోడేలు పండు' అని అర్థము. అనగా కాయపై ఏ మచ్చయు లేని కాలముననే లోకము దీనికొక మచ్చను అంటగట్టినది. మన దేశమున దీనిని గూర్చి జార్జి వాట్ 1889 మొదలు వెలువరించిన ఆర్థికోత్పత్తుల నిఘంటువులో, ఇది ముఖ్యముగా యూరపియనుల కొరకు సాగగుచున్నదనియు, స్వదేశీయులు ఇప్పుడిప్పుడే దీని రుచి మరగుచున్నారనియు, బెంగాలీలును బర్మావారును పులుసుకూరలలో వాడుచున్నారనియు చెప్పెను.

తెలుగువారు దీనిని పరాయిదానిగా ఉంచలేదు. కోస్తా జిల్లాలలో దీనికి 'రామములగ' అని పేరు పెట్టిరి. ములగ అనగా మన కంచెల ప్రక్కల పెరుగు ముండ్లమొక్క, వంకాయ కుటుంబములోనిదే. క్రొత్తకాయకు పాతబంధువును వెదకి, దానికి రాముని పేరు చేర్చి, ఇంటిలోనికి పిలుచుకొనిరి. చింతపండు ఏలిన పులుపురాజ్యములో టమాటాచారు, టమాటాపచ్చడి చోటు సంపాదించినవి. హైదరాబాదు ముస్లిముల ఇండ్లలో 'టమాటే కా కట్' ఉడికిన గ్రుడ్లతో విందువంటకమైనది.

ఇక నున్నని గుండ్రని కాయ ఎక్కడిదని అడుగవచ్చును. అది మనుష్యులు చేసినది. అమెరికాలోని ఓహియో రాష్ట్రమున అలెగ్జాండర్ లివింగ్‌స్టన్ అను విత్తనాల వర్తకుడు ఏండ్ల తరబడి ఎంపికచేసి, 1870లో 'పారగాన్' అను రకమును విడుదల చేసెను. ఒకే తీరున నునుపుగా నుండు కాయలతో పేరొందిన మొదటి రకములలో అది ముఖ్యము. అనగా గాడులుగల కాయను చూచి ముఖము చిట్లించు అలవాటునకు నూటయేబది యేండ్లు మాత్రమే వయస్సు. మన దేశమున ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థ తయారుచేసిన పూసా రూబీకి సైతము కొద్దిపాటి గాడులు ఉండును. నేటికిని హైదరాబాదు అంగళ్ళలో చారునకు పుల్లని 'నాటు టమాటా' కావలెనని అడుగువారు, నున్నని సంకరజాతి కాయను ప్రక్కకు నెట్టి, తొనలుదేలిన కాయనే ఏరుకొందురు. వారి నాలుక పాతచరిత్రను మరచిపోలేదు.

తొడిమచుట్టును ఆకుపచ్చగా మిగులు 'పచ్చభుజముల' సంగతియు ఇట్టిదే. కాయ అంతయు ఒకేసారి ఒకే రంగు తిరుగవలెనని వర్తకులు కోరగా, విత్తనశాస్త్రజ్ఞులు దాదాపు డెబ్బది యేండ్లు ఆ గుణమునే ఎంచి పెంచిరి. 2012లో 'సైన్సు' పత్రికలో వెలువడిన పరిశోధన దాని వెలను బయటపెట్టినది. ఏకరీతిగా పండు గుణముతో పాటు కాయలోని పత్రహరితమును వృద్ధిచేయు శక్తి చెడిపోయినదనియు, తన్మూలమున కాయ తానుగా తయారుచేసికొను చక్కెర తగ్గినదనియు అందు తేలినది. మనము లోపమని గీచి పారవేయు ఆ పచ్చదనము, రుచి పుట్టుచోటులలో నొకటి. అయితే ఒక భేదము పాటించవలెను. నిండు ఎండలలో భుజములు పసుపై, గట్టిపడి, ఎన్నటికిని ఎర్రబారకున్న, అది వేడిమి చేసిన హాని. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటి నిలచిన, కాయకు ఎరుపునిచ్చు లైకోపీను సరిగా తయారుకాదు. పసుపునిచ్చు పదార్థము మాత్రము తయారగుచునే యుండును. ఏప్రిలు, మే నెలలలో మన మిద్దెలమీది కాయ నారింజవన్నెలోనే ఆగిపోవుటకు ఇదియే కారణము.

మచ్చలలో మిక్కిలి అపార్థమునకు గురియైనది నా బుట్టను ఖాళీచేయించిన అడుగు కుళ్ళు. పందొమ్మిదవ శతాబ్ది చివర అమెరికాలో దీనిని మొదట పరీక్షించినవారు ఆ నల్లని తోలును సూక్ష్మదర్శినిలో చూచిరి. అందు బూజులు, సూక్ష్మజీవులు కనబడినవి. కనబడినదే కారణమని తలంచుట మానవ సహజము. నిజమునకు అవి చచ్చిన కణములపై తరువాత వచ్చి చేరిన అతిథులు. 1940 తరువాతి కొద్ది యేండ్లలో గాని, ఎదుగుచున్న పిందె కొనకు సున్నపు ధాతువగు కాల్షియము చాలకపోవుటయే మూలమని స్థిరపడలేదు.

అట్లయిన సున్నము వేసిన తీరిపోవునా? అచ్చటనే రెండవ పొరపాటు. మట్టిలో కాల్షియము సమృద్ధిగా నున్నను ఈ మచ్చ రావచ్చును. కాల్షియము నీటితో కలిసి వేరునుండి పైకి ప్రయాణించును. నీరు ఎక్కువగా ఆవిరియగుచోటికి, అనగా ఆకులకు, ఎక్కువగా పోవును. కాయనుండి నీరు ఆవిరియగుట స్వల్పము. కనుక దాని వంతు స్వల్పమే. మొక్క ఒకనాడు దాహముతో వాడి, ఒకనాడు వరదలో మునిగిన, ఆ కొద్ది వంతుకు గండిపడును. కాయ కొనభాగము చివరి ఇంటివంటిది. కాలువలో నీరు తగ్గిన మొదట ఎండునది అదే. యూరియా మితిమీరి వేసి ఆకును పెంచిన, ఆకులు కాయ వంతును మరింత లాగుకొనును.

మౌలాలి మట్టికిని ఈ కథకును దగ్గరి సంబంధమున్నది. గుట్టయు, దాని చుట్టును నేలయు దాదాపు 250 కోట్ల యేండ్లనాటి నల్లసేనపు రాయి. ఆ రాయి చివికి ఏర్పడిన ఎర్రని ఇసుకపాలు మట్టినే మనవారు చల్క అందురు. నల్లరేగడివలె ఇది నీటిని పట్టి ఉంచలేదు. సున్నపు పాలును దీనియందు తక్కువ. అట్టి మట్టిని బకెట్టులో నింపి మిద్దెపై ఎండలో పెట్టిన, ఉదయము తడి, సాయంకాలము పొడి. ఇచ్చట అడుగు కుళ్ళు వచ్చుట వింత కాదు, రాకుండుట వింత. దీనికి విరుగుడు మందుసీసాలో లేదు. రోజూ ఒకే వేళకు ఒకే కొలతగా నీరు, మొదట ఎండుటాకుల కప్పు, పెద్ద కుండీ, బాగుగా చివికిన ఎరువు: ఇవి చాలును. గ్రుడ్డుపెంకుల పొడి కరిగి మొక్కకు అందుటకు నెలలు పట్టును కనుక, ఈ కాపునకు అది ఉపకరింపదు. మచ్చపడిన కాయలో నల్లని భాగమును కోసివేసి, గట్టిగా నున్న తక్కినదానిని నిరభ్యంతరముగా వండుకొనవచ్చును. ఆ సంగతి తెలియక నేను బుట్టెడు కూరను పెంటకు పోసితిని.

కాయ పగులు కూడ నీటికథయే, కాని తలక్రిందులు. ఎండకు బిగిసిన తోలులోనికి ఒక్కసారిగా వానవచ్చి నీరు చేరిన, లోపలి గుజ్జు పెరిగినంత వేగముగా పైతోలు సాగలేదు. తొడిమనుండి క్రిందికి చీలికలు పడవచ్చును, లేదా తొడిమచుట్టును వలయములుగా పగులవచ్చును. హైదరాబాదు వానలో అధికభాగము నైరృతి ఋతుపవనములలోనే కురియును. నడుమ పదిదినములు వెలిసి, ఒక్క సాయంకాలము కుండపోతగా పడుట ఇచ్చటి వాన స్వభావము. మబ్బు పట్టినప్పుడు దోరకాయలను కోసి ఇంటిలో పండనిచ్చుట తెలివైన పని. రంగు తిరుగనారంభించిన కాయ ఇంటిలోను చక్కగా పండును.

చలికాలపు వికారములు వేరు. కాయ అడుగున తొనలు ముడుతలు పడి, గోధుమరంగు గీతలతో, మధ్య బొక్కలతో వంకరతిరిగి యుండును. ఆంగ్లేయులు దీనిని పిల్లిమొగమందురు. ఇది తెగులు కాదు. మొగ్గదశలో రాత్రుల చలి తగిలిన, పూవులోని అండాశయము సరిగా ఏర్పడదు. ఆ గాయము కాయతో పాటు పెరుగును. హైదరాబాదులో డిసెంబరు, జనవరి రాత్రులు కొన్ని ఇందుకు చాలును. పెద్దకాయల రకములకు ఈ బెడద ఎక్కువ. తొడిమనుండి అడుగువరకు సన్నగా కుట్టువేసినట్లు కనబడు గీతయు అట్టిదే. పూవులోని పుప్పొడితిత్తి పిందెకు అంటుకొని పోవుటచే అది ఏర్పడును. వేసవిలో పైకి నిండుగా నుండి కోసిన లోపల బోలుగా నున్న కాయ, వేడికి పుప్పొడి చెడి విత్తనము సరిగా పట్టలేదని చెప్పును. ఎండవైపు తెల్లగా, కాగితమువలె పలుచబడిన మచ్చ మరియొకటి. ఆకులను మితిమీరి త్రుంచినవారి కాయకు ఇట్లు ఎండదెబ్బ తగులును. ఆకు కాయకు గొడుగు. దానిని తీసి సూర్యుని నిందించుట న్యాయము కాదు.

ఇంతవరకు చెప్పినవానిలో ఏ ఒక్కదానికిని మందు లేదు, అక్కరయు లేదు. నిజముగా రోగములైనవి కొన్ని కలవు. వానిలో ఒకదాని చరిత్ర మన నగరమునకు చెందినది.

కాయపై పసుపు, ఎరుపు వలయములు, ఒకదానిలో ఒకటి గీచినట్లు కనబడినచో అది వైరసు గుర్తు. 1915లో ఆస్ట్రేలియాలో టమాటాపై ఇట్టి మచ్చల వాడుతెగులును మొదట గమనించిరి. 1930 నాటికి ఇది వైరసనియు, దీనిని మోయునవి కంటికి ఆననంత చిన్నవైన తామరపురుగులనియు తేలినది. మన వేరుశనగ చేలలో మొవ్వకుళ్ళు అను తెగులు చాలకాలమునుండి రైతులను బాధించుచుండెను. 1972లో పటాన్‌చెరులో నెలకొన్న అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనాసంస్థ, ఇక్రిసాట్, వారు దీనిని పట్టుకొని ఏండ్ల తరబడి శోధించిరి. మొదట ఇది ఆస్ట్రేలియా వైరసే అని తలంచిరి. 1992లో ఇది దానికి బంధువే గాని వేరైన వైరసని నిరూపించిరి. వేరుశనగ మొవ్వను కుళ్ళించునదే టమాటా కొమ్మను మాడ్చి, కాయపై వలయములు గీయుచున్నది. మౌలాలికి పడమట సుమారు నలుబది కిలోమీటర్ల దూరమున జరిగిన ఆ పనివలన, మన మిద్దెపై కాయను చూచి దాని శత్రువును పేరుపెట్టి పిలువగలుగుచున్నాము.

ఆకుముడత సంగతియు అట్టిదే. 1948లో వాసుదేవ, సామ్‌రాజ్ అను శాస్త్రజ్ఞులు మన దేశపు టమాటాపై దీనిని వర్ణించిరి. దీనిని తెల్లదోమ మోయును. ఆకులు ముడుచుకొని మొక్క గిడసబారును. కాచిన కొద్ది కాయలును చిన్నవై యుండును. ఈ రెండు వైరసులకును మందు లేదు. సోకిన మొక్కను వెంటనే పెరికివేసి తక్కిన మొక్కలను కాపాడుకొనవలెను. వలయములుగల కాయను తిన్నవారికి ఏమగునో అని భయపడనక్కరలేదు. మొక్కల వైరసులు మనుష్యులకు అంటవు. రుచి మాత్రము తగ్గును.

రంధ్రముగల కాయలో సాధారణముగా శనగపచ్చపురుగు ఉండును. తల లోపల, సగము శరీరము బయట ఉంచి తినుట దాని అలవాటు. ఒక కాయను ముగింపకయే మరియొకదానికి పోవును. దీనికి బెంగుళూరు ఉద్యానపరిశోధన సంస్థవారు చెప్పిన ఉపాయము ముచ్చటైనది: పదునారు సాళ్ళ టమాటాకు ఒక సాలు బంతి. పురుగు తల్లి బంతిపూవును మెచ్చి అచ్చట గ్రుడ్లుపెట్టును. మిద్దెలవారికి రెండు బంతికుండీలు చాలును. పండుగకు పూవులును దక్కును. తొడిమ అంచున సూదిబెజ్జములు, ఆకుపై పొరలు పొరలుగా తెల్లని మచ్చలు కనబడిన, అది క్రొత్త అతిథి. దక్షిణ అమెరికాకు చెందిన ఆ చిన్న చిమ్మెట 2006లో స్పెయిను చేరి, 2014లో మహారాష్ట్రమున కనబడి, అనతికాలములోనే మన ప్రాంతములకు వ్యాపించినది. నాలుగైదు వందల యేండ్ల క్రిందట టమాటా యూరపు చేరిన దారినే పురుగును పట్టుకొని, దానివెంట వచ్చినది.

ఇప్పుడు ఒక కాయను చేతిలోనికి తీసికొందము. పూవునుండి పండు అగుటకు ఆరేడు వారములు పట్టును. పిల్లిమొగమున్న అది పూవుకు ముందు నాటి చలి. అడుగు కుళ్ళున్న అది పిందెనాటి దాహము. తెల్లమచ్చయున్న అది ఆకు త్రుంచిన తరువాతి ఎండ. పగులున్న అది మొన్నటి వాన. వలయములున్న అది తామరపురుగు. రంధ్రమున్న అది లోపలి దొంగ. కాయ తన దినచర్యను తనపైననే వ్రాసికొన్నది. మనము తేదీలు చదువవలెను. చదువకుండ మందు చల్లిన, ఆ విషము మొక్కకు మేలుచేయదు, పూవుపై వాలు తేనెటీగను చంపును, మన పిల్లల కంచములోనికి వచ్చును.

ఈ చదువు మిద్దెకే పరిమితము కాదు. మదనపల్లె వంటి పెద్ద అంగడిలో రైతు తెచ్చిన కాయలను ఏరునప్పుడు మచ్చగలది ప్రక్కకు పోవును, ధర తగ్గును. 2023 జులైలో టమాటా కిలో వంద రూపాయలు దాటిననాడు మచ్చకాయలను సైతము మనము కళ్ళకద్దుకొని కొంటిమి. ధర పడిన యేటనో, రైతులు మంచికాయలను సైతము రోడ్డుపై పారబోసి పోవుట చూచుచున్నాము. మచ్చలేని కాయయే కావలెనని పట్టణము పట్టుపట్టిన, ఆ పట్టుదల రైతు చేతిలో మరియొక మందుడబ్బాగా మారును. ఏ మచ్చ హానికరమో, ఏది కేవలము రూపభేదమో తెలిసిన గృహిణి అంగడిలో చేయు ఎంపిక, చేనిలో చల్లు మందును కొంతయైనను తగ్గింపగలదు.

మౌలాలి గుట్టపైని బండ ఎండకు వానకు ఉల్లిపొరలవలె పొరలు పొరలుగా ఊడుచుండును. భూగర్భశాస్త్రజ్ఞులు ఆ పగుళ్ళను లోపములని అనరు. వానిని చూచియే రాతి వృత్తాంతమును చదువుదురు. మరుసటి యేడు నేను మరల నాలుగు మొక్కలు నాటితిని. ప్రతి ఉదయము ఒకే చెంబుతో నీరు పోసితిని. మొదట ఎండుటాకులు కప్పితిని. రెండు కాయలకు మాత్రము అడుగున మచ్చ వచ్చినది. నేను ఊరికిపోయిన మూడు దినముల గుర్తు అది. వానిని కోసి మచ్చ తీసివేసి చారు పెట్టుకొంటిమి. మంచి కాయలు నాలుగు పెద్దమ్మకు పంపితిమి.